చేతులు కట్టుకోమని నేర్పింది ఎవరు?

ఇంజనీరింగ్ కళాశాలల్లో మూడో సంవత్సరం రాగానే మొదలయ్యే సీఆర్టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) తరగతుల్లోనూ, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా కనిపించే పర్సనాలిటీ డెవలప్‌మెంట్ శిక్షణల్లోనూ శరీర భాష గురించి చెప్పే పాఠం దాదాపు ఒకటే. చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టు, కళ్ళలోకి చూడకపోతే ఏదో దాస్తున్నట్టు, భుజాలు వంగితే ఆత్మవిశ్వాసం లేనట్టు, కుర్చీ అంచున కూర్చుంటే భయపడుతున్నట్టు. ఈ నాలుగు ముక్కలూ తెర మీద చూపించి, మరుసటి గంటలో జీడీ (గ్రూప్ డిస్కషన్) పెట్టి, ఆపైన మాక్ ఇంటర్వ్యూలకు మార్కులు వేసేస్తారు. జిల్లా కేంద్రాల్లోని కళాశాలలకు మాక్ ఇంటర్వ్యూలు చేయడానికి కొన్నేళ్ళుగా వెళ్తున్నవాడిగా నాకు ఈ పాఠంతో పేచీ ఉంది. పాఠం మొత్తం తప్పని నేననను. ఎవరి ఒంటిని చూసి దాన్ని రాశారో వాళ్ళకు అది సరిపోతుంది. మన కుర్రాడు చేతులు కట్టుకున్నప్పుడు చెబుతున్న సంగతి వేరు.

బడిలో చేరిన కొత్తలోనే తెలుగు పిల్లలు వినే ఆజ్ఞల్లో ఒకటి ‘చేతులు కట్టుకుని కూర్చో’ అన్నది. దాని వెనకే ‘నోటి మీద వేలేసుకో’ అన్నదీ వస్తుంది. ఈ రెండూ పాటించిన పిల్లవాడు బుద్ధిమంతుడు. ఇంటికి వస్తే తాతయ్య ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోకూడదు, నాన్న కోప్పడుతున్నప్పుడు ఆయన మొహంలోకి చూస్తే ‘ఏంట్రా ఆ చూపు?’ అని ఇంకో రెండు పడతాయి, పెద్దవాళ్ళు నిలబడి ఉంటే తాను కూర్చోకూడదు, ఎవరికి ఏది అందించినా కుడిచేత్తోనే అందించాలి. బాల్యమంతా ఇలా మలిచిన శరీరాన్ని ఇరవై ఒకటో ఏట ఒక ఏసీ గదిలోకి పంపించి, అక్కడ ఉన్న ముగ్గురు పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తూ, వెనక్కి ఆనుకుని, చేతులు విప్పి మాట్లాడమంటున్నాం. ఆ కుర్రాడు చేతులు కట్టుకున్నాడంటే మనకు మర్యాద ఇస్తున్నాడు. ఆ మర్యాదను పిరికితనం కింద జమ కట్టి మనం మార్కులు కోసేస్తున్నాం.

ఒక కళాశాలలో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) చదువుతున్న విద్యార్థి ఒకడు మా ముందుకు వచ్చాడు. తలుపు దగ్గర ఆగి, రమ్మన్నాక వచ్చి, కూర్చోమన్నాక కూడా ఒక్క క్షణం సందేహించి, కుర్చీలో సగం మాత్రమే ఆక్రమించి కూర్చున్నాడు. సెల్ఫ్ ఇంట్రో అప్పజెప్పాడు. బలాలు, బలహీనతలు, అభిరుచులు అన్నీ బల్ల అంచుకు చెప్పాడు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఫారంలో ‘కాన్ఫిడెన్స్’ అన్న చోట పదికి మూడు వేయడం నాకు కనిపించింది. నేను ప్రాజెక్టు గురించి అడిగాను. పొలంలోని బోరు మోటారును ఫోను నుంచి నడిపే స్టార్టరు అన్నాడు. ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, ఇంగ్లీషు కాస్త తడబడి, తెలుగులో చెప్పవచ్చా అని అడిగి మొదలుపెట్టాడు. త్రీ ఫేజ్ కరెంటు రాత్రిపూట వచ్చే రోజుల్లో వాళ్ళ నాన్న టార్చిలైటు పట్టుకుని పొలానికి వెళ్ళి మోటారు వేసేవాడట. ఆటో స్టార్టరు పెడితే ఒక ఫేజు పోయినా తెలియక, బోరులో నీళ్ళు తగ్గినా తెలియక, మోటారు తిరిగి తిరిగి వైండింగు కాలిపోయేదట. చెబుతూ చెబుతూ ఎప్పుడు విప్పాడో తెలియదు గానీ, అతని రెండు చేతులూ గాలిలో స్టార్టరు డబ్బా గీస్తున్నాయి: ఇక్కడ రిలే, ఇక్కడ సిమ్ము, ఇక్కడ మూడు ఫేజులనూ చూసుకునే భాగం. బ్యాటరీ పోతే ఏం చేస్తావని నా పక్కనున్నాయన అడ్డు ప్రశ్న వేశాడు. కుర్రాడు ఆయన వైపే తిరిగి, ఆయన కళ్ళలోకే చూస్తూ, ‘లేద్సార్, అది కూడా చూశాం’ అన్నాడు. అంతకు ముందు మూడు వేసిన చోట ఆయన కొట్టేసి ఏడు వేశాడు.

ఆ పది నిమిషాల్లో అతనికి ఎవరూ భంగిమ నేర్పలేదు. తనకు అధికారం ఉన్న విషయం దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు దానంతట అదే తెరుచుకుంది. నా వాదన ఇదే: నిబ్బరం, తెరుచుకున్నతనం మనిషి ఒంట్లో దాగి ఉండే గుణాలుగా మనం చూస్తున్నాం గానీ, వాటిలో సగానికి పైగా ఎదుటివాడు ఇచ్చే అనుమతి మీద, మాట్లాడే విషయం మీద తనకున్న పట్టు మీద ఆధారపడి ఉంటాయి. ఈ రెండింటినీ వదిలేసి భంగిమను మాత్రం దిద్దడం వల్ల వచ్చేది నటన, అది కూడా ముతక నటన.

ఇక ఈ శిక్షణల్లో శాస్త్రం పేరుతో చెప్పే అంకెల సంగతి. మాటల వల్ల చేరేది 7 శాతమే, గొంతు వల్ల 38, శరీరం వల్ల 55 అనే లెక్క వినని ఫైనల్ ఇయర్ విద్యార్థి ఉండడు. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. రికార్డు చేసిన ఒంటరి పదాలను రకరకాల గొంతులతో వినిపించి, మొహాల ఫోటోలు చూపించి, మాట్లాడేవారికి ఎదుటి మనిషి అంటే ఇష్టమో అయిష్టమో చెప్పమని అడిగిన ప్రయోగాలవి. అంటే గొంతుకూ మాటకూ పొంతన లేనప్పుడు మనం ఇష్టాయిష్టాలను దేన్ని బట్టి ఊహిస్తామన్నదే అక్కడి ప్రశ్న. భావాలు, ఇష్టాయిష్టాల సంగతి తప్ప మరి దేనికీ ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియనే చెప్పుకున్నాడు. మాటల విలువ 7 శాతమే అయితే ఆ కుర్రాడి స్టార్టరు సంగతి మాకు మూకాభినయంతోనే తెలిసిపోవాలి కదా!

రెండోది రెండు నిమిషాల భంగిమ. ఇంటర్వ్యూకు ముందు నడుము మీద చేతులు పెట్టుకుని, కాళ్ళు ఎడం చేసి రెండు నిమిషాలు నిలబడితే హార్మోన్లు మారి ధైర్యం వస్తుందని కళాశాలల బాత్‌రూముల్లో ఆ ప్రయోగం చేసి వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. డానా కార్నీ, ఏమీ కడ్డీ, ఆండీ యాప్ కలిసి 2010లో 42 మంది మీద చేసిన అధ్యయనం దీనికి మూలం; 2012లో కడ్డీ ఇచ్చిన టెడ్ ప్రసంగంతో అది ప్రపంచమంతా పాకింది. 2015లో వేరే బృందం 200 మంది మీద అదే ప్రయోగం చేస్తే, కాస్త శక్తిమంతంగా అనిపిస్తోందని పాల్గొన్నవారు చెప్పడం తప్ప హార్మోన్లలో మార్పేమీ కనిపించలేదు. ఆ మరుసటి ఏడాది కార్నీ స్వయంగా ఆ ఫలితం నిజమని తాను నమ్మడం లేదని బాహాటంగా రాసింది. నిటారుగా నిలబడితే మనసుకు కాస్త హాయిగా ఉంటుందనడంలో నాకు అభ్యంతరం లేదు; దాన్ని రసాయన శాస్త్రంగా అమ్మడమే బాగాలేదు.

మూడోది చూపు. కళ్ళు తిప్పుకునేవాడు అబద్ధమాడుతున్నాడన్న నమ్మకం ఏదో ఒక దేశానిది కాదు; పదుల దేశాల్లో అడిగి చూసి 2006లో ప్రచురించిన పరిశోధనలో అబద్ధీకుల గురించి అందరికంటే ఎక్కువ మంది చెప్పిన గుర్తు అదే. ఆ పరిశోధనకు నాయకత్వం వహించిన చార్లెస్ బాండే, బెల్లా డిపౌలోతో కలిసి అదే ఏడాది మరో పని చేశాడు: రెండు వందలకు పైగా పత్రాల్లోని ప్రయోగాలను కలిపి లెక్క కట్టి చూశాడు. ఎదుటివారి తీరును చూసి నిజమా అబద్ధమా అని చెప్పడంలో మనుషులు సగటున 54 శాతం సార్లు మాత్రమే సరిగ్గా చెప్పగలుగుతున్నారు. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. ఇంత బలహీనమైన చూపుతో మనం పిల్లల నిజాయితీకి మార్కులు వేస్తున్నామని ఒక్కసారి అనుకుంటే చేతిలో పెన్ను కాస్త నెమ్మదిస్తుంది.

అయితే నా అసలు పేచీ అంకెలతో కాదు. ముడుచుకున్న శరీరాన్ని వ్యక్తి లోపంగా చూపించి, దాన్ని ముడిచిన చరిత్రను మాయం చేయడంతో. తెలంగాణ పల్లెల్లో గడీల కాలంలో దొర ఎదురైతే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి, తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకోవాలి, ఒళ్ళు వంచి ‘నీ బాంచన్, కాల్మొక్త’ అనాలి. అది ఎవరి స్వభావమూ కాదు, అమలు చేసిన చట్టం లాంటిది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం భూమి కోసం, వెట్టి రద్దు కోసం జరిగిందని చదువుకుంటాం. వంచిన నడుమును నిలబెట్టుకోవడం కోసం కూడా అది జరిగింది. కోస్తాలో అయితే మరీ దగ్గరి కాలంలోనే, 1991లో, గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందున్నవారికి తగిలిందన్న గొడవ ముదిరి ముదిరి ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య దాకా వెళ్ళింది. కాలు ఎక్కడ పెట్టాలి, ఎంత చాపాలి అన్నది ప్రాణాల మీదికి వచ్చిన చోట పెరిగిన పిల్లవాడికి ‘రిలాక్స్‌డ్‌గా కూర్చో బాబూ’ అని సలహా ఇచ్చేముందు ఆ సలహా ఎంత బరువైనదో ఇచ్చేవాడికి తెలిసి ఉండాలి.

అందుకే మన ఊళ్ళ కూడళ్ళలో నిలిచిన అంబేడ్కర్ విగ్రహాన్ని నేను శరీర భాషకు సంబంధించిన అతి పెద్ద ప్రకటనగా చూస్తాను. నీలి సూటు, ఎడమ చేతిలో రాజ్యాంగం, చాచిన కుడిచేయి, ముందుకు చూపిస్తున్న వేలు. దేవుళ్ళు అభయమిస్తారు, నాయకులు దండం పెడతారు లేదా చేయి ఊపుతారు. పెద్దల ఎదుట వేలు చూపించకూడదని శతాబ్దాల పాటు నేర్పిన చోట ఈ మనిషి వేలు చూపిస్తూ నిలబడ్డాడు. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న 125 అడుగుల విగ్రహాలు ఆవిష్కరించారు గానీ, నన్నడిగితే వాడ మొదట్లో నిలబెట్టిన ఆరడుగుల సిమెంటు విగ్రహమే ఎక్కువ పని చేసింది. దాని కింద ఆడుకుని పెరిగిన పిల్లలకు నిటారుతనం గురించి విడిగా స్లైడు అక్కర్లేదు.

ఆడపిల్లల విషయంలో ఈ ముడుచుకోవడం మరో రకం. గట్టిగా నవ్వకు, కాళ్ళు చాపుకోకు, తల పైకెత్తి నడవకు, చున్నీ సర్దుకో అన్న మాటలు ఇరవై ఏళ్ళు విన్న అమ్మాయి ఇంటర్వ్యూ గదిలో మోచేతులు ఒంటికి ఆనించి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. అదే గదిలో ఇంకో అమ్మాయి వెనక్కి ఆనుకుని, కళ్ళలోకి చూస్తూ జవాబులు చెప్పిందనుకోండి, బయటికి వెళ్ళగానే ‘కొంచెం ఓవర్ కదా’ అన్న వ్యాఖ్య వినిపించడం నేను ఒకటికి రెండు సార్లు విన్నాను. మగపిల్లవాడికి నిబ్బరమైనది ఆమెకు పొగరైంది. ఒకే భంగిమకు రెండు ధరలు కట్టే బజారులో భంగిమ నేర్పి లాభమేముంది?

ఇదంతా చదివి, అసలు తెలుగువాళ్ళ ఒంటికే ముడుచుకునే గుణం ఉందనుకుంటే అది మరో పొరపాటు. బుర్రకథ చూసినవారికి తెలుసు: భుజాన తంబూరా, వేళ్ళకు అందెలు, పక్కన డక్కీలతో ఇద్దరు వంతలు, కథకుడు నాలుగడుగులు ముందుకు దూకి, ప్రేక్షకుల మొహాల్లోకి చూసి, ఒక్క చరుపుతో మాట ఆపేసి, మళ్ళీ వెనక్కి నడుస్తాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ముస్లిం కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ప్రజానాట్యమండలి వేదికల మీద ఊరూరా తిప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఒగ్గుకథ చెప్పే చుక్క సత్తయ్య ఒక్కడే రాజూ, రాణీ, గొర్రెల కాపరీ అయ్యేవాడు. ఊళ్ళో పెద్దల అరుగు ముందు చేతులు కట్టుకునే కులాల నుంచే ఇంతటి శరీరాలు వచ్చాయి. నందికేశ్వరుడి అభినయదర్పణంలోని ‘యతో హస్తస్తతో దృష్టిః’ అన్న శ్లోకాన్ని కూచిపూడి నేర్చుకునే పిల్లలందరూ వల్లిస్తారు: చేయి ఎక్కడో చూపు అక్కడ, చూపు ఎక్కడో మనసు అక్కడ. చేతినీ చూపునూ మనసునూ ఒక్క తాటి మీదికి తెచ్చే విద్య మన దగ్గర ఉంది. దాన్ని పక్కన పెట్టి విమానాశ్రయాల్లో అమ్మే ఇంగ్లీషు పుస్తకాల బొమ్మలను ప్రింటు తీసి పంచుతున్నాం.

సీఆర్టీ శిక్షణ ఇచ్చే మిత్రుడొకడు నా వాదన విని చిరాకు పడ్డాడు. ‘అన్నా, నువ్వు చరిత్ర చెబుతావు, బాగానే ఉంటుంది. రేపు తొమ్మిది గంటలకు కంపెనీ వస్తుంది. వాళ్ళకు చుండూరు తెలియదు, చేతులు కట్టుకోవడంలో మర్యాదా తెలియదు. నా పిల్లలకు ఆఫరు లెటరు కావాలి’ అన్నాడు. అతని మాటలో బలం ఉంది, కొట్టిపారేయలేను. ఉద్యోగం వచ్చాక మర్యాదల మీద చర్చ పెట్టుకోవచ్చు గానీ, చర్చ పెట్టుకుంటే ఉద్యోగం రాదు. కానీ అతను నేర్పే తీరులోనే తేడా ఉండవచ్చు. నీ ఒళ్ళు తప్పు, దిద్దుకో అని చెప్పడం ఒకటి. నీ ఒంటికి ఒక మర్యాద తెలుసు, ఈ గదిలో వేరే మర్యాద నడుస్తుంది, రెండూ నీకు రావాలి అని చెప్పడం మరొకటి. ఇంట్లో ఒక యాస, తరగతిలో ఒక భాష, స్నేహితులతో మరో రకం మాట తడుముకోకుండా మార్చుకునే పిల్లలకు రెండో పద్ధతి వెంటనే ఎక్కుతుంది. మొదటి పద్ధతిలో వాళ్ళ నాన్న నిలబడే తీరు కూడా తప్పని చెప్పినట్టవుతుంది. ఆ సంగతి పిల్లలు పైకి అనకపోయినా గ్రహిస్తారు.

ఇలా మొదలుపెడితే నేర్పవలసినది నిజానికి చాలా తక్కువ. చేతులు బల్ల మీద పెట్టుకుంటే చాలు, ఏం చేయాలో అవే చూసుకుంటాయి. మాట్లాడేటప్పుడు కదిలితే కదలనివ్వాలి. కుర్చీలో పూర్తిగా కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనించాలి, ఎందుకంటే అంచున కూర్చున్నవాడికి ఊపిరి పైపైనే ఆడి వాక్యం చివర గొంతు సన్నబడుతుంది. చూపు గురించి నేను చెప్పేది ఇంతే: ప్రశ్న వినేటప్పుడు అడిగేవారి మొహం చూడు, ఆలోచించేటప్పుడు ఎటు చూసినా ఫరవాలేదు, జవాబులో చివరి వాక్యం మళ్ళీ వారికే చెప్పు. కళ్ళలోకి రెప్ప వేయకుండా చూడమని నేర్పిన పిల్లలు మా ముందు కూర్చుంటే ఎవరికి ఇబ్బందో చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే కష్టమైనది ఆగడం. జవాబు అయిపోయాక నిశ్శబ్దాన్ని భరించలేక ‘అండ్ ఆల్సో సర్’ అంటూ సాగదీసే అలవాటు వంగిన భుజాల కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

వీడియో ఇంటర్వ్యూలు వచ్చాక మన రెండు అలవాట్లు కొత్త చిక్కు తెచ్చాయి. ‘సరే’ అనడానికి మనం తల పక్కలకు ఊపుతాం. అవతల అమెరికా క్లయింటుకు అది అవునో కాదో అర్థం కాదు. వింటున్నామని చెప్పడానికి ఊఁ కొడతాం; మ్యూట్‌లో ఊఁ వినిపించదు, కాబట్టి అవతలివాడికి మన మొహం రాయిలా కనిపిస్తుంది. నోటితో అవునని చెప్పడం, మధ్య మధ్య ఒక మాట తిరిగి అడగడం, ఇంతకు మించి దీనికి శిక్షణ అక్కర్లేదు.

ఇక కుర్చీకి అవతలి వైపు ఉన్నవాళ్ళ సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను తీసేసింది. ముఖాముఖిలో పక్షపాతానికి చోటు ఉంటుందన్న అనుమానం ఆ నిర్ణయానికి ముందు నుంచీ ఉన్నదే. సివిల్స్‌లో మాత్రం 2025 మార్కుల మొత్తంలో 275 ఇప్పటికీ ముఖాముఖివే. ప్రైవేటు ఉద్యోగాల్లో హెచ్‌ఆర్ రౌండు ఎక్కడికీ పోదు. ఇంటర్వ్యూ ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ; ఉన్నంతకాలం ఎదుటివాడి శరీర భాషలో మన వాటా ఎంత అన్నది అడిగే తీరాలి. మనం ఫోను చూసుకుంటూ ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అంటే ఎదుట కూర్చున్న పిల్లవాడు ఎవరి కళ్ళలోకి చూడాలి? మంచినీళ్ళు కావాలా అని అడగడానికి, ఊరు ఎక్కడని తెలుగులో ఒక మాట కలపడానికి అర నిమిషం పట్టదు. ఆ తరవాత వచ్చే జవాబులో గొంతు ఎలా మారుతుందో వినేవారికి తెలుస్తుంది.

నేను వెళ్ళే కళాశాలల్లో ఒకచోట మాక్ ఇంటర్వ్యూ ఫారం మార్చమని అడిగాను. ‘కాన్ఫిడెన్స్’ అన్న పది మార్కుల వరుస తీసేసి దాని స్థానంలో మూడు ప్రశ్నలు పెట్టమన్నాను: జవాబు చివరిదాకా వినిపించిందా, అడిగిన దానికే చెప్పాడా, తెలియనప్పుడు తెలియదని చెప్పగలిగాడా. ప్లేస్‌మెంట్ ఆఫీసరు ఫారం తిప్పి తిప్పి చూసి, కంపెనీల ఫారంలో కాన్ఫిడెన్స్ ఉంటుంది కదా సార్, మనం తీసేస్తే ఎలా అన్నారు. చివరికి రాజీ కుదిరింది. పాత వరుస అలాగే ఉంది; దాని పక్కన, తక్కువ వేసినవారు ఏం చూసి వేశారో రాయడానికి రెండు గీతల ఖాళీ పెట్టారు. రెండు గీతలు రాయడానికి బద్ధకించి ఆరు, ఏడు వేసేస్తున్నారని ఆయన ఫిర్యాదు. రాయడానికి కారణం దొరకక వేస్తున్నారని నా అనుమానం. ఈ వాదన మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు.